కళింగపట్నం ఇసుకలో నీస్ నగరం

2013 నవంబరులో నన్ను శ్రీకాకుళంలోని ఒక హోటల్ ఉద్యోగ శిక్షణ కేంద్రానికి సీనియర్ బోధకుడిగా వేశారు. ఫ్రాన్సు దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున నీస్ అనే ఊరుంది. డబ్బున్నవాళ్ళు వేసవి గడపడానికి వెళ్ళే ఊరు. అక్కడి ఒక హోటలుకు మా జిల్లా పిల్లల్ని తయారు చేసి పంపడం నా పని. వయసులో ఉండగా నేను అక్కడ కొన్నాళ్ళు పనిచేశాను కాబట్టి ఇది నా నెత్తిన పడింది. పడినందుకు లోపల్లోపల మురిసిపోయాను.

ఉన్న ఖాళీల్లో పెద్దది కాన్సియెర్జ్ పోస్టు. పెద్ద హోటళ్ళ ముందు హాల్లో దానికి విడిగా ఒక బల్ల ఉంటుంది. ఈ సాయంత్రం ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి అని అతిథి అడిగితే, అతని మనసు కనిపెట్టి చోటు చెప్పాలి, ఫోన్ చేసి అక్కడ టేబుల్ ఖాయం చేయాలి. ఆ బల్లకు మొదటి నియమం, బదులుగా రెండో మనిషి వచ్చేదాకా దాన్ని వదిలి కదలకూడదు.

చూడని ఊరిని ఎలా నేర్పడం? క్లాసులో పటం విప్పితే సగం మంది కునికేవారు. అందుకని శనివారాలు కేంద్రం బస్సులో కళింగపట్నం తీసుకెళ్ళి, ఆటు వేళ గట్టిపడిన తడి ఇసుక మీద కర్రతో నీస్ గీసేవాణ్ణి. ఇది సముద్రం వెంట నడిచే పెద్ద బాట, ఇవి పూల అంగళ్ళు. ఈ సందులో పెద్ద పెనం మీద కాల్చే శనగపిండి అట్టు దొరుకుతుంది, పొద్దున్నే వేడిగా తినాలి. ఇక్కడ చేపల పులుసు. రేవు దగ్గర సోంపు వాసన వేసే మద్యం పోస్తారు, నీళ్ళు కలపగానే పాలలా తెల్లబడుతుంది. చీకటి పడితే పడవల దీపాలు నీళ్ళలో ఊగుతాయి. చెబుతూ చెబుతూ నేనే మైమరచిపోయేవాణ్ణి. పక్కనే సముద్రంలో కలిసే వంశధార నది మీంచి గాలి వీచేది. పిల్లలు గీత బయట చెప్పులు విడిచి ఊళ్ళోకి వెళ్ళేవారు, లేని కుర్చీల్లో కూర్చుని లేని కాఫీ తాగేవారు. పోటు వచ్చి వీధులన్నీ చెరిపేశాక బస్సెక్కేవాళ్ళం.

ఎస్తేరు కళింగపట్నం పిల్లే. బాప్టిస్టు కుటుంబం. తల్లి దీనమ్మ ఆ ఒడ్డునే చేపలు ఎండబెట్టేది. ఎస్తేరు మనసంతా ఆ కాన్సియెర్జ్ పోస్టు మీదే ఉండేది. వయసు నిబంధన వల్ల ఆమెకు అదే ఆఖరి అవకాశం. జీతం సంగతి నేనెత్తితే, "జీతం మాట తరవాత సార్. ఆ దీపాలు నీల్లలో ఊగుతాయన్నారు కదా, అది సూడాలి నాను" అంది.

ఇసుకలో ప్రతి సందూ ఆమెకు కంఠతా వచ్చు. కానీ నేను అతిథినై ఎక్కడ తినాలమ్మా అని అడిగితే మాత్రం నోరు పెగిలేది కాదు. ఒకసారి కాస్త విసుక్కున్నాను కూడా. అప్పుడు చేపలు తిరగేస్తున్న దీనమ్మ అందుకుంది. "ఇంటికొచ్చినోల్లని ఓటేలుకెల్లి తినండని సెప్పడానికి జీతమిస్తారేటి బాబూ? మాకైతే అది సిగ్గుమాలిన పని."

ఉద్యోగమంటే అంతేనమ్మా అని నవ్వేశాను.

జనవరిలో హోటలు తరఫున ఎంపిక చేయడానికి ఒక ఫ్రెంచి అధికారిణి వచ్చారు. యాభై దాటిన మనిషి, ముక్తసరిగా మాట్లాడేవారు. ఇసుక ఊరి సంగతి విని, పరీక్ష అక్కడే పెడతానన్నారు. ఆ సాయంత్రం ఎంతో ఇష్టంగా ఊరు గీశాను. ఒక చేపల పెట్టె బోర్లించి దాన్ని బల్ల అనుకున్నాం.

ఎస్తేరు వంతు వచ్చింది. అధికారిణి ఇంగ్లీషులో, ముసలి తల్లితో ఇప్పుడే విమానం దిగాను, ఎక్కడ తినమంటావు అని అడిగారు. ఎస్తేరు ఈసారి తడబడలేదు. ముందు కూర్చోమంది. తన సీసాలోని మంచినీళ్ళిచ్చింది. పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నారా అని అడిగింది. తరవాత పెట్టె వెనకనుంచి ఇవతలికి వచ్చేసింది. మొదటి నియమమే తప్పింది.

లేని ముసలావిడ చేయి పట్టుకుని, ఆవిడ నడకకు తగ్గట్టు మెల్లగా, పూల అంగళ్ళు దాటించి సందులోకి తీసుకెళ్ళింది. అధికారిణి వెంట నడిచారు. ఫలహారశాల గీసినచోట ఎస్తేరు ఆగి, అక్కడ లేని యజమానితో తెలుగులోనే చెప్పింది. "మావోల్లే. పెద్దావిడకి మెత్తగా ఉన్నదేదైనా పెట్టండి." అధికారిణి ఆ ఇసుకలోనే కూర్చుండిపోయారు. పోటు నీళ్ళు ఒక్కో వీధిలోకీ వస్తున్నాయి. కదలాలని ఎవరికీ అనిపించలేదు.

ఫలితం బస్సు దగ్గర చెప్పారు. కాన్సియెర్జ్ పోస్టుకు ఎస్తేరు పనికిరాదు, బల్ల వదిలింది. నేను వాదించబోయాను. ఎస్తేరు అలా వెళ్ళిపోయాక బల్ల దగ్గరకు వచ్చే అతిథి ఎవరిని అడగాలి అన్నారావిడ. భోజనశాలలో ఒక ఖాళీ ఉందని, హోదాలో రెండు మెట్లు కింద అని, ఇష్టమైతే తీసుకుంటామని చెప్పారు.

ఏడుస్తుందేమోనని భయపడుతూనే ఎస్తేరుకు ఆ కబురు చెప్పాను. ఆమె ఏడవలేదు.

"సెప్పడం నావల్ల కాదు సార్. పెట్టడమైతే సేస్తాను" అంది. ఏప్రిల్లో వెళ్ళింది.

అతిథి మర్యాద అని మేం ఒకే పేరు పెట్టి నేర్పేవి నిజానికి రెండు పనులు. చోటు చెప్పేవాళ్ళు ఉన్నచోటే ఉండాలి, పెట్టేవాళ్ళు కదలాలి. రిటైరయ్యేదాకా ఆ తరవాతి ప్రతి బ్యాచ్‌నూ మొదటిరోజే అడిగాను, వేళ కాని వేళ ఇంటికి చుట్టం వస్తే ఏం చేస్తారని. లేచి పొయ్యి వెలిగిస్తామన్నవాళ్ళెవరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు, భోజనశాల పని నేర్పాను.