పదమూడో ఆదివారం నేను పాడాను

మొన్న మంగళవారం ఉదయం నడక ముగించుకుని పైకి వచ్చి, రక్తపోటు అంకెలు డైరీలో ఎక్కించుకుంటూ ఉండగా, మా హైదరాబాదీ మిత్రుడు జురాంగ్ ఈస్ట్ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళ పేట క్లబ్బులో రిటైరైన సంగీతప్రియులు నెలకోసారి కూడతారనీ, ఈసారి ప్రసంగం తనదేననీ, డెబ్బయ్యో దశకంలో ఇంగ్లండులో నలుగురు కుర్రాళ్ళు కట్టిన ఒక పాప్ బృందాన్ని లోకం ఎంత తక్కువగా అంచనా వేసిందో ఆ రోజు తేల్చేస్తాననీ చెప్పాడు. పాతికేళ్ళుగా ఎవరు దొరికితే వాళ్ళ దగ్గర ఆయన తేలుస్తున్న విషయమే అది. నేను ఊఁ కొడుతూ రెండో అంకె రాసుకుంటున్నాను. అప్పుడాయన గొంతు తగ్గించి అసలు సంగతి అడిగాడు.

"సెక్రటరీ సాబ్, మన గోదావరి పాట క్యాసెట్ మీ దగ్గరనే ఉన్నది గదా? జర వెతకండి. దాంట్ల మా బేగం గొంతున్నది. ఇంకెక్కడ లేదు."

ఆయన భార్య పోయి రెండేళ్ళయింది. ఉంది, ఆదివారం వచ్చి తీసుకెళ్ళమన్నాను. ఫోన్ పెట్టేశాక మళ్ళీ రక్తపోటు చూసుకుని ఉంటే డైరీలో రాయడానికి మనసొప్పని అంకె వచ్చి ఉండేది. ఎందుకంటే ఆ క్యాసెట్‌లో ఆమె గొంతు మీద ఇంకో గొంతు ఉంది. ఆ గొంతు పాటలో వినబడదని ఆయనకు మాట ఇచ్చినవాణ్ణి నేనే, ఆ గొంతూ నాదే.

మీలో ఆ రోజుల్లో ఈ ద్వీపదేశానికి వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని లోకమంతా బెంగపడుతున్న కాలం అది. ఆ బెంగ పుణ్యమా అని రాజమండ్రిలో నెమ్మదిగా లెక్కల పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు కంప్యూటరు కోర్సు చదివిన నాలాంటివాడు కూడా నలభై దాటాక విమానం ఎక్కి, ఆంగ్ మో కియోలో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని, పొద్దున్నే రైలెక్కి వెళ్ళి బ్యాంకు ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం చేశాడు. తప్పులు పట్టడం నా స్వభావానికి ఎంత సరిపోయిందంటే, సెలవురోజుల్లో కూడా మానలేకపోయేవాణ్ణి. మా ఆవిడ చేసిన సాంబారు మీద కూడా ఒకసారి వరుస సంఖ్యలతో నివేదిక రాశాను. ఆ వారం సాంబారు లేదని కూడా డైరీలో ఉంది.

మా బ్లాకులోనే రెండంతస్తుల కింద ఈ మిత్రుడూ ఆయన భార్యా ఉండేవారు. పరిచయమైన మొదటి శనివారమే ఆయన నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, తలుపు వేసి, ఆ ఇంగ్లీషు బృందం క్యాసెట్ ఒకటి ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించాడు. వాళ్ళు అన్నీ కొత్తగా చేసేవారు. పాట ఒక వరసలో మొదలై, మధ్యలో సర్కస్ బ్యాండులా మారి, కాసేపు రేడియో ప్రకటనలా మాట్లాడి, చివరికి చర్చిలో ముగిసేది. ఆ సాయంత్రం నేను నా పద్ధతిలో డైరీలో గడులు గీసి, పాటకొక వరుస చొప్పున మార్కులు వేసి, మొత్తం మీద పదికి మూడు ఇచ్చాను. కింద ఇలా రాశాను: "ఒక్కో పాటలో నాలుగేసి పాటలున్నాయి. ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. తెలివి ఉంది. హృదయం కనబడలేదు. టీ బాగుంది." ఈ నివేదిక ప్రతి ఒకటి మర్నాడు ఆయనకు ఇచ్చాను కూడా. ఆయన రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, టీకి మార్కులు వెయ్యలేదేమని మాత్రం అడిగాడు. ఆ తర్వాత ఆ బృందం రెండు ముక్కలైన సంగతి చెప్పేటప్పుడు సొంత అన్నదమ్ములు వాటాలు పంచుకున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు. ఈ మనిషితో స్నేహం కుదరదనుకున్నాను. ఆ మాటా డైరీలో ఉంది.

అప్పట్లో మా తెలుగువాళ్ళ సంఘానికి నేను కార్యదర్శిని. ఉగాదికి కరపత్రాలు అచ్చువేయించే పని నాలుగు నెలల ముందే పూర్తిచేసి నా పద్ధతిని నేనే మెచ్చుకున్నాను. అందులో సంఘం పెద్దాయన రాసిన గోదావరి పాటను యాభై గళాలతో వినిపిస్తామని వేయించాను. పాడేవాళ్ళను లెక్కపెట్టడం ఆ తర్వాత మొదలుపెట్టాను. మా ఆవిడ, మా బావమరిది, మిత్రుడు, మిత్రుడి భార్య. ఐదో మనిషి దొరకలేదు. మిగిలినవాళ్ళంతా రాత్రింబవళ్ళు కంప్యూటర్లకు కాపలా కాసి అలిసిపోయి, పాట అనేసరికి దండం పెట్టేవారు. సంఘం పెద్దాయన మాత్రం, యాభై మంది ఎక్కడ నిలబడతారో చూడడానికి అప్పుడే హాలుకు వెళ్ళి వేదిక కొలిచి వచ్చాడు.

గతిలేక ఈ సంగతి మిత్రుడికి చెప్పుకుంటే, ఆయన ఎంతో కాలంగా ఈ కబురు కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచి నిలబడ్డాడు. తన బృందంవాళ్ళు కొద్ది గొంతులను టేపు మీద టేపుగా పేర్చి పెద్ద కోరసు తయారుచేసిన మనుషులనీ, వాళ్ళు ఖరీదైన స్టూడియోలో చేసిన పని మనం రెండు క్యాసెట్ ప్లేయర్లతో చేద్దామనీ అన్నాడు. పద్ధతి ఇది: నలుగురూ పాడింది ఒక టేపు మీద ఎక్కించడం, దాన్ని వినిపిస్తూ దానితో కలిసి మళ్ళీ పాడి మొత్తాన్ని రెండో టేపు మీద ఎక్కించడం, మళ్ళీ దాన్ని మొదటిదాని మీద. ఒక్కోసారికి నాలుగు గొంతులు పెరుగుతాయి. పన్నెండుసార్లకు నలభై ఎనిమిది. నేను కాగితం తీసేలోపు ఆయనే ఇంకో మాట అన్నాడు.

"ఒక్క షరతు, సెక్రటరీ సాబ్. బటన్ మీరే నొక్కాలె. టైమ్ మీరే చూడాలె. పాడుడు మాత్రం నక్కో. బురా మత్ మాన్‌నా, మీ గొంతు ఒక్కసారి పాటలకు వచ్చిందంటే మల్ల బయటకు తీయరాదు."

మాట ఇచ్చాను. నా గొంతు సంగతి నాకూ తెలుసు.

అలా పన్నెండు ఆదివారాలు మా ఇంటి ముందుగది స్టూడియో అయింది. ఫ్యాను ఆపేవాళ్ళం, కిటికీలు వేసేవాళ్ళం, కుక్కరు కూత పాటలో పడుతుందని పొయ్యి వెలిగించనిచ్చేవాళ్ళం కాదు. కింద హాకర్ సెంటరు తిండి దుకాణాల నుంచి పరోటాలు తెచ్చుకుని, చెమటలు కక్కుతూ తిని, మళ్ళీ పాట అందుకునేవాళ్ళు. ఇక్కడి కోకిల సంగతి మీకు తెలుసు కదా, మనవాళ్ళు ఉగాదికి దాన్ని పొగుడుతారు, ఇక్కడివాళ్ళు దాని గోల భరించలేక ఫిర్యాదులు రాస్తారు. మూడో ఆదివారం కిటికీ పక్క చెట్టు మీద నుంచి అది సరిగ్గా చరణం మధ్యలో అందుకుంది. తీసేద్దామంటే మిత్రుడి భార్య ఒప్పుకోలేదు. "ఉండనియ్యండి భాయ్‌సాబ్, పిలవకుండ వచ్చింది, అదొక్కటే మన సంఘానికి" అంది. ఆమె గజళ్ళు పాడే మనిషి. తెలుగు పాటను ఉర్దూ లిపిలో రాసుకుని, గోదావరి అన్న మాట దగ్గరకు వచ్చేసరికి కళ్ళు మూసుకునేది. ఆ నది ఆమె ఎప్పుడూ చూడలేదు.

పన్నెండో ఆదివారానికి పని పూర్తయింది. నా లెక్క మాత్రం పూర్తికాలేదు. కరపత్రంలో యాభై అని ఉంది, టేపులో నలభై ఎనిమిదే. ఎవరు లెక్కపెడతారన్నాడు మిత్రుడు. నేను పెడతానన్నాను. "పరేషాన్ చేస్తున్నరు" అని నవ్వుకుంటూ, తర్వాతి వారం భార్యతో హైదరాబాదు పెళ్ళికి వెళ్ళిపోయాడు. బావమరిది ఆఫీసు పనిమీద రాలేకపోయాడు. పదమూడో ఆదివారం రెండు ప్లేయర్లూ, నేనూ, మా ఆవిడా మిగిలాం.

నా ఉద్దేశం చెబితే ఆవిడ పప్పు కడుగుతున్న గిన్నె దించింది.

"కింది ఫ్లాటు అన్నయ్యకు మాటిచ్చారు కదండీ."

"రెండు గొంతులు తక్కువయ్యాయి."

"తక్కువైతే ఏమైందండీ, ఆ యాభై మందికీ మీరేమైనా అన్నాలు పెట్టాలా?"

చివరికి, నేను గుమ్మం అవతల, గోడకు తిరిగి, ముఖానికి దిండు అడ్డం పెట్టుకుని పాడేటట్టయితే సరేనంది. అలాగే పాడాను. పాట మొదట్లో దిండు ఉన్నట్టే గుర్తు. రెండో చరణంలో మా ఊరి రేవు జ్ఞాపకం వచ్చి దిండు ఎప్పుడు దించానో, ఎప్పుడు ఇటు తిరిగానో నాకు తెలియదు. ఆవిడ పాడుతూనే తల పట్టుకోవడం మాత్రం కనబడింది. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. టేపులు రెండే కాబట్టి, వచ్చినదాన్ని జాగ్రత్త కోసం, నలభై ఎనిమిది గొంతులున్న రెండోదాని మీదకు కూడా నకలు తీసి ఉంచాను. నా గొంతు లేని ప్రతి ఆ క్షణంతో లోకంలో లేకుండా పోయింది. ఉద్యోగంలో ఇంకొకడెవడైనా ఆ పని చేసి ఉంటే ఆరు పేజీల నివేదిక రాసి ఉండేవాణ్ణి.

ఉగాది సాయంత్రం నలుగురూ వేదిక మీద నిలబడి పాడుతుంటే తెర వెనక నేను బటన్ నొక్కాను. టేపు మీద టేపు ఎక్కించినప్పుడల్లా కొంత హోరు చేరుతుందని మాకు తెలుసు. పదమూడుసార్లు చేరిన హోరు పెద్ద స్పీకర్లలో ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. హాలు నిండా ఏదో ప్రవాహం వచ్చిపడ్డట్టయింది. అందులో నుంచి గొంతులు, మధ్యలో కోకిల. నేను తెర పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. పాట అయిపోయాక చప్పట్లు ఆగలేదు. సంఘం పెద్దాయన కళ్ళు ఒత్తుకుంటూ వచ్చి, గోదావరి హోరు పాటలోకి ఎలా తెప్పించారని అడిగాడు. అది గోదావరి కాదండీ, టేపు అరుగుదల అని చెప్పబోతుంటే మిత్రుడు నా కాలు తొక్కాడు. బొటనవేలి గోరు నల్లబడడం, నెలకు రాలడం రెండూ డైరీలో ఉన్నాయి. పదమూడో ఆదివారం గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇదీ ఫోన్ పెట్టేశాక నా స్థితి. వన్-నార్త్ ఆఫీసుల పేటలో ఉద్యోగం చేస్తున్న మా మనవరాలికి శుక్రవారం క్యాసెట్ ఇచ్చాను. మర్నాడు సాయంత్రం ల్యాప్‌టాప్ మా భోజనాల బల్ల మీద తెరిచి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ముఖం చిట్లించింది.

"తాతా, ఎవరీ అంకుల్? సో ఆఫ్ లా, శ్రుతిలోనే లేడు. మిగతావాళ్ళు అందరూ ఫెయింట్‌గా ఉన్నారు, ఈయనొక్కడే క్లియర్."

అందరికన్నా చివర ఎక్కిన గొంతు కాబట్టి నాది అరగలేదు, నాతో పాడిన మా ఆవిడ గొంతు తన పాత పన్నెండింటిలో కలిసిపోయింది. ఆ అంకుల్‌ను తీసెయ్యగలవా అని అడిగాను. వంటింట్లోంచి మా ఆవిడ ఇటు చూసింది. తీసేసింది పిల్ల. హోరు కూడా తుడిచేసింది. కోకిలను కూడా ఏదో చప్పుడనుకుని తీసేసింది. అరగంట పట్టింది.

నిన్న ఆదివారం మిత్రుడు వచ్చాడు. చేతికర్ర గోడకు ఆనించి, అదే పాత కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని ఆ శుభ్రమైన పాట మొదటినుంచి చివరిదాకా విన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

"మస్తు సాఫ్ చేసినవు బిడ్డా" అన్నాడు పిల్లతో. తర్వాత నా వైపు తిరిగాడు. "దీంట్ల మీరు లేరేంది, సెక్రటరీ సాబ్?"

ఆయన హైదరాబాదు పెళ్ళి నుంచి తిరిగివచ్చిన రోజునే టేపు విన్నాడట. మొదట కోపం వచ్చిందట. నన్నేమీ అనవద్దని భార్య ఆపిందట. ఎంత పేర్చినా ఆ నలభై ఎనిమిదీ నలుగురు మనుషుల్లాగే వినబడ్డాయనీ, దారి తప్పిన ఆ గొంతొకటి వచ్చాకే జనం పాడుతున్నట్టయిందనీ ఆమె అందట. తన బృందంవాళ్ళు చేసిందీ అదేననీ, అంత తెలివిలోనూ మనిషి తడబాటు ఒకటి మిగలనిచ్చారనీ, ప్రసంగంలో చెప్పబోయే ముఖ్యమైన మాట ఇదేననీ అన్నాడు.

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?" అన్నాను.

"అడిగితే మీరు క్షమాపణ రాసిస్తరు. వరుస నంబర్లతోటి. ఎవరు చదవాలె?"

మనవరాలు కొంచెం జంకుతూ, కావాలంటే బేగం దాదీ గొంతు ఒక్కటీ విడిగా తీసి ఇస్తానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. అందరి నడుమల పాడింది, అట్లనే ఉండనియ్యి. ఆ కోకిల ఏది? దాన్ని గూడ మల్ల పెట్టు." పాత ప్రతి పెట్టింది. హోరు గది నిండింది. నేను దిండు దించిన చోట మా ఆవిడ ఈసారి కూడా తల పట్టుకుంది. మిత్రుడు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు.

ఆయన వెళ్ళాక పాత డైరీ తీశాను. రాసింది దిద్దకూడదని నాకొక నియమం ఉంది, ఇన్నేళ్ళలో తప్పలేదు. అందుకని ఆ ఇంగ్లీషు క్యాసెట్‌కు వేసిన మూడు కొట్టెయ్యకుండా, పక్కన నిన్నటి తేదీ వేసి ఎనిమిది అని రాశాను. ఆ నలుగురు ఇంగ్లీషువాళ్ళకు హృదయం లేదనుకున్నది నా తొందరపాటు. ఒక్కో పాట కోసం అంత ఓపిగ్గా ఒకే గదిలో కూర్చున్నవాళ్ళకు అది లేకుండా ఎలా ఉంటుందని ఇప్పుడు తోస్తోంది. ఎనిమిదే ఎందుకంటే, ఒక్కో పాటలో నాలుగేసి పాటలున్న మాట ఇప్పటికీ నిజమే.

వెళ్ళేముందు మనవరాలు ఫోన్‌లో ఏదో నొక్కి, నా ఒక్క గొంతుతోనే ఐదువందల మంది కోరసు తయారుచేసి వినిపించింది. చిన్న తడబాటు కూడా లేదు. బాగుందన్నాను. దానికి పట్టింది ఒక నిమిషం. మాకు యాభై గళాలు కావాలంటే పదమూడు ఆదివారాలు పట్టింది, ఫ్యాను ఆపుకుని, చల్లారిన పరోటాలు తింటూ, ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతూ కూర్చోవలసివచ్చింది. ఈ రోజుల్లో ఆదివారం మా ముందుగదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ఆపమనేవాళ్ళు ఎవరూ రారు.