తోలు మీదనే కొట్టాలె

మృదంగం సారు ప్రశాంతంగా కన్నుమూశారని మీరు వాట్సాప్‌లో పెట్టారు. తప్పు. మొన్న మంగళవారం పొద్దున, నల్లగొండ దవాఖానలో, మంచం ఇనుప పట్టీ మీద ఆదితాళం మోగిస్తూ, నర్సుతో తిట్లు తింటూ పోయారు. ఆ మనిషికి ప్రశాంతత ఎన్నడూ పడలేదు.

మీరు ఆదివారం ఆదివారం పిల్లల్ని తీసుకొచ్చే ఆ కచేరీనే చూడండి. గదినిండా పాలబుగ్గలు, చేతుల్లో కంజిరలు, ఘటాలు, బోర్లించిన స్టీలు గిన్నెలు. సారు "త ధి తొం నం" పలికిస్తే వాళ్లు తిరిగి కొట్టాలి. కొట్టేవారు, ఒకరి నెత్తి ఒకరు. ఘటాలు పగిలేవి, జుట్లు ఊడేవి, సారు బొటనవేలికి పంటిగాట్లు పడేవి. ఇది సంగీతమైతే మా హాలియాలో గొర్రెల బేరం కూడా సంగీతమే అన్నానొకసారి.

"అవును టీచరమ్మా, ఆడ తాళం ఇంకా మంచిగుంటది," అన్నారు.

ఆయనది ఒకటే కట్టుబాటు. "కొట్టుండ్రి బిడ్డా, గట్టిగ కొట్టుండ్రి. గాని మద్దెల తోలు మీదనే కొట్టాలె, మనిషి తోలు మీద కాదు."

కొత్త జిల్లాలు పడిన కొత్తలో నల్లగొండలో ఉన్న నా కొడుకు ఇంటికి వచ్చి, మూడేళ్ల మనవరాలిని కచేరీకి తీసుకెళ్లాను. కొడుకు, కోడలు వెంట వచ్చారు. ఆ రోజు సారు కొత్త ఆట పెట్టారు. "మీ ఇంట్ల ఏం చప్పుడైతదో కొట్టి చూపియ్యుండ్రి."

ఒకడు కుక్కర్ కూయించాడు. ఆలేరు పిల్ల రైలు నడిపింది. నా మనవరాలు మృదంగాన్ని అరచేత్తో చెళ్లుమనిపించింది. ఆగింది. మళ్లీ చెళ్లు. మళ్లీ. తర్వాత అచ్చం వాళ్లమ్మ గొంతుతో, "కొట్టకుండ్రి, పిల్ల చూస్తాంది," అంది.

కోడలు కొంగుతో దవడ కప్పుకుంది. అప్పటిదాకా నాకే తెలియని సంగతి గదంతటికీ తెలిసిపోయింది.

నా కొడుకు లేచి పిల్ల మీద చెయ్యెత్తాడు. సారు తన చెయ్యి అడ్డం పెట్టారు. వాడు ఆ చెయ్యి పట్టి ఉంగరపు వేలిని వెనక్కి విరిచాడు. ఎండుపుల్ల విరిగినట్టు వినిపించింది. నేను అందిన ఘటం తీసి వాడి వీపున పగలగొట్టాను. సారు కట్టుబాటు పసిపిల్లలకే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

వాడి మీద కేసు పెట్టబోతే, పోలీసు స్టేషన్‌లో రైటరు, "పెద్దమ్మా, కన్నకొడుకే గద, సర్దుకోరాదు," అన్నాడు.

"కన్నందుకే వచ్చిన. రాసుకో," అన్నాను.

కోడలిని, పిల్లను హాలియా తెచ్చుకున్నాను. పిల్ల చేతులు ముడుచుకుంది. తలుపు తట్టదు, చప్పట్లు కొట్టదు. తను కొట్టినందుకే ఇదంతా అయిందని దాని నమ్మకం. సారు వేలికి కట్టుతో బస్సెక్కి వచ్చేవారు. దాని ముందు కూర్చుని ఎడమచేత్తో "తొం" అనిపించేవారు. అది గోడవైపు తిరిగేది.

ఒకనాడు, "నువ్వు కొట్టబట్టే మీ అమ్మకు దెబ్బలు బందయినయి. తెలుసా బిడ్డా?" అన్నారు.

అది లేచి వచ్చి ఆయన చెంప ఫెడీలుమనిపించింది. ఆయన కళ్లజోడు ఎగిరి పడింది.

"తాళం తప్పలే! గాని ఈడ కాదు," అంటూ అదే చేతిని పట్టి మృదంగం మీద పెట్టారు.

పొద్దుగూకేదాకా బాదింది. తోలు చిరిగింది. ఆ చిరుగును చూసి ఆయన మురిసినట్టు ఏ సన్మానానికీ మురవలేదు. విరిగిన ఆ ఉంగరపు వేలు మాత్రం మళ్లీ వంగలేదు. ఆ వేలు తోలుకు ఆనితేనే "నం" పలుకుతుంది. పెద్ద కచేరీలకు పిలుపులు ఆగిపోయాయి. అడిగితే, "తక్కినయి ఉన్నయి గద టీచరమ్మా," అనేవారు.

ఈ ఆదివారం కచేరీ ఉంటుంది. సారు జాగాలో, ఆయన దగ్గరే నేర్చుకుంటూ ఎదిగిన నా మనవరాలు కూర్చుంటుంది. మీలో ఎవరైనా వస్తూ వస్తూ కిరాణాకొట్టులో పావుకిలో బొంబాయి రవ్వ తీసుకురండి. సన్నది తేవాలి, లావుది అంటుకోదు. తడిపి పిసికి ఎడమవైపు తోలుకు అద్దితేనే మృదంగం గుమ్మంటుంది. పిడికెడు చాలు కదా అంటారేమో. పిల్ల ఆ ముద్ద అద్దుతుంటే మీ బుడ్డోళ్లు చుట్టూ మూగి, వేళ్లతో గీకి నాకేస్తారు.