మేడమీది వైఫై, మా ఇంటి ప్రింటర్

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాల కొదవ ఉండదు. వచ్చినవాళ్లందరికీ దర్శనం టికెట్ ఫోనులో ఉంటుంది, దాన్ని కాగితం మీద తీయాలి. మా ఇంట్లో కింద మేము, మేడమీద మా మరిది కుటుంబం. ప్రింటర్ మేడమీద ఉండేది. పలమనేరు నుంచి వచ్చిన మా సొంత అన్న కూడా నా గుమ్మంలో చెప్పులు విప్పి నేరుగా పైకెక్కాడు. మా తోడికోడలు ఇచ్చిన కాఫీ తాగి, "ఆ పాప కాఫీ బలే పెడతాది మే" అంటూ దిగివచ్చాడు. నేను కలిపి ఉంచిన కాఫీ అప్పటికే చల్లారిపోయింది.

అన్న సంగతి ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మా అమ్మాయి సంగతి. కాలేజీలో చేరినప్పటి నుంచి దానికి ఎప్పుడూ ఏదో ఒక కాగితం కావాల్సి వచ్చేది. రెండు కాగితాలకు గంట పట్టేది. పైనుంచి ఇద్దరి నవ్వులూ వినబడేవి. దిగివచ్చాక "ఏందే అంత నవ్వు?" అంటే "ఏం లేదుమా" అనేది. కన్నది నేను, కబుర్లు మా తోడికోడలికి. పొరుగింటి పుల్లకూర రుచి అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, కడుపులో మంట తగ్గలేదు.

తోడికోడలు చెడ్డదైనా బాగుండేది. ఉలవచారు కాస్తే మొదటి గిన్నె నాకే పంపుతుంది. నాకు జ్వరం వస్తే అడక్కుండానే వచ్చి అంట్లు తోమిపోతుంది. తిట్టుకోవడానికి ఒక్క సందు కూడా ఇవ్వని మనిషిని చూసి కుళ్లుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

అందుకే ప్రింటర్ కొన్నాను. అంగట్లో అతను నాలుగు రకాలు చూపించాడు. నేను అచ్చం మేడమీద ఉన్నదే కావాలన్నాను. రంగు కూడా అదే. "మెట్లెక్కితే ఉండాది గదా, మనకెందుకే?" అన్నాడు మా ఆయన. "మనకని ఒకటి ఉండకూడదా?" అన్నాను. కాగితం నా ఇంట్లో వస్తే, దాంతోపాటు నా కూతురి మాటలు కూడా నా ఇంట్లోనే ఉంటాయనుకున్నానని ఆయనకు చెప్పలేదు.

అమ్మాయి బయటికెళ్లిన పూట చూసి, దాన్ని వైఫైకి కలపడానికి కూర్చున్నాను. ఎవరినీ అడగకూడదని పంతం. ప్రింటర్‌కు అందే వైఫైలంటూ ఫోనులో వచ్చిన జాబితాలో ఎంత వెతికినా మా పేరు లేదు. మేము కొత్తగా పెట్టించుకున్న వైఫై పెట్టె సిగ్నల్ ఈ ప్రింటర్ పట్టుకోలేని రకమని తర్వాత తెలిసింది. ప్రింటర్ ఆపి మళ్లీ వేశాను. పెట్టె పీకి మళ్లీ పెట్టాను. రెండు గంటలు ప్రింటర్ మీది నీలం దీపం మిణుకుమిణుకుమంటూ నన్ను వెక్కిరిస్తూనే ఉంది. జాబితాలో కనబడింది మేడమీది వైఫై ఒక్కటే. దాని పాస్‌వర్డ్ నాకు నోటికొచ్చు, మాకు వైఫై లేనప్పుడు వాళ్లదే వాడుకున్నాం. పళ్లు బిగబట్టి అదే కొట్టాను. దీపం నిలకడగా వెలిగింది.

సాయంత్రం అమ్మాయి వచ్చి, "బలే కలిపినావే మా!" అంది. నేను ముసిముసిగా నవ్వి ఊరుకున్నాను. ఆ తర్వాత కాగితాలు కింద తీసుకోవడం మొదలుపెట్టింది. కబుర్లకు మాత్రం పైకే పోయేది.

ఒకరోజు పొద్దున వంటింట్లో ఆకుకూర వలుస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నట్టుండి ప్రింటర్ తనంతట తానే కదిలింది. వెళ్లి చూస్తే ఒక కాగితం వచ్చి ఉంది. సూళ్లూరుపేట దగ్గర ఆడపిల్లల హాస్టల్‌లో చేరడానికి ఫారం, మా అమ్మాయి పేరుతో అన్నీ నింపి ఉన్నాయి. అమ్మాయి అక్కడొక కంపెనీకి పోయిన నెలలో ఇంటర్వ్యూకి వెళ్లింది. రోజూ అడుగుతున్నాను, "ఇంకా ఏం చెప్పలేదుమా" అంటోంది. ఫారంలో సోమవారం నుంచి గది కావాలని ఉంది. తల్లి పేరు దగ్గర నా పేరు ఉంది. అత్యవసరమైతే ముందుగా ఎవరికి ఫోన్ చేయాలి అన్నచోట తోడికోడలి పేరు, ఆమె నంబరు ఉన్నాయి. నా ఒళ్లంతా మండిపోయింది.

అంతలో తోడికోడలు దిగివచ్చింది, వెనకాలే అమ్మాయి.

"అక్కా, మా కాగితం ఏమన్నా ఈడికొచ్చిండాదా? నా ఫోన్లో ఒకే పేరుతో రెండు ప్రింటర్లు సూపిస్తాండాది. నేను రెండోది నొక్కేసినట్టుండాది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "మీ వైఫై నేనెందుకు వాడతాను?" అనేశాను. ఆమె వైఫై మాటే ఎత్తలేదు. నా చేతిలో కాగితం చూసి ఆమెకు అర్థమైంది.

"మాదాంట్లో కలిపినావా అక్కా? సెప్పింటే నేనే వచ్చి కలిపిస్తును గదా" అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు కొంచెం కూడా లేదు. దాంతో నాకు ఇంకా మండింది.

ఆమెను వదిలి కూతురి వైపు తిరిగాను. "ఉద్యోగం వచ్చిందని నాకెందుకు చెప్పలేదే?"

"ఈ పూట చెప్దామనే ఉన్నాను మా. పోవద్దంటావని భయం."

"సరే. అవసరమైతే పిలవాల్సింది నన్నా, చిన్నమ్మనా?"

తోడికోడలు ముందుకొచ్చి, "నేనూ అదే సెప్పినాను అక్కా, మీ అమ్మ నంబరు రాయమని" అంది. అమ్మాయి ఆమె వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"చిన్నమ్మైతే బస్సెక్కి వచ్చేస్తాది మా. నువ్వు ఏడుస్తా కూర్చుంటావు."

"నేనెందుకు ఏడుస్తానే?" అని గట్టిగా అరుద్దామనుకున్నాను. ఫారంలో అక్షరాలు మసకబారాయి. అమ్మాయి దగ్గరికొచ్చి, నా చేతిలోని కాగితాన్ని మెల్లగా లాక్కుంది.

"తడిస్తే ఇంకు చెదిరిపోతాది మా" అంది.