అంచు కోయని పుస్తకాలు

పోయిన గురువారం పొద్దున షాపు తలుపు తీస్తుంటే ఫోను మోగింది. పెద్దాయన కూతురు. "నాన్నగారు తెల్లవారుజామున పోయారండీ. మీకు చెప్పాలనిపించింది" అంది. పేపర్లో ఆయన్ను పెద్ద వ్యాపారి అనీ, దాత అనీ రాశారు. రెండూ నిజమే. నేను ఏళ్ల తరబడి ఆయన పుస్తకాలకు బైండింగు చేసినవాణ్ని. పేపరువాళ్లకు తెలియనిది కొంత నాకు తెలుసు.

తొంభైల మొదట్లో పూర్ణా మార్కెట్టు దగ్గర మా షాపుకి కారులో వచ్చారు. గోదావరి జిల్లా నుంచి ఓడరేవులో గుమాస్తాగా చేరి, ఓడలకు సరుకెక్కించే కంపెనీకి యజమాని అయిన మనిషి. ఇంట్లో మేడ మీద నాలుగు గదులూ పుస్తకాలే. సముద్రపు తేమకి కాగితాలు ఉబ్బేవి. ఓడరేవు నుంచి ఎగిరొచ్చే ఖనిజపు దుమ్ము బీరువాల్లోకి కూడా దూరేది. ఆదివారం పొద్దున్నే అంత కోటీశ్వరుడూ లుంగీ కట్టుకుని, మెత్తటి గుడ్డతో ఒక్కో పుస్తకం తుడుస్తూ కనిపించేవారు. పనివాళ్లను ముట్టనిచ్చేవారు కాదు. అసలు ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. పుస్తకం అడిగినవాళ్లకు కాఫీ ఇచ్చి పంపేసేవారు. ఇంత ఉండి ఏం పిసినారితనం అని నేనూ అనుకున్నాను.

నా జిగురు మీద ఆయనకు ఎప్పుడూ అనుమానమే. "మైలుతుత్తం కలిపావా లేదా? లేకపోతే నాకంటే ముందు పురుగు చదివేస్తుందయ్యా" అనేవారు.

ఒకరోజు ఒక పాత నవల తెచ్చారు. వెన్ను ఊడిపోయి, ఫారాలు, అంటే మడత కాగితాల కట్టలు, విడివిడిగా వచ్చేస్తున్నాయి. "నీటుగా చెయ్యి" అన్నారు. మా పనిలో నీటు అంటే ఒకటే. కుట్టాక మూడు పక్కలా కత్తి వెయ్యాలి, అంచు అద్దంలా నున్నగా రావాలి. అలాగే వేశాను. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా.

ఆయన పుస్తకం తెరిచారు. ఒక పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు. మార్జిన్లో సన్నటి పెన్సిలు రాత. ప్రతి మాటా మధ్యలో తెగిపోయి ఉంది. "ఇది మా ఆవిడ రాసుకున్నది" అన్నారు. ఆమె పోయి అప్పటికి రెండేళ్లు. పుస్తకం మూసి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

మా షాపులో ఫారాలు కుట్టేది మా ఆవిడ. విషయం చెప్పగానే ఏడుపు మొదలుపెట్టింది. "కుట్టీటప్పుడు నానూ సూడనేదు. కత్తెట్టే ముందు నువ్వైనా సూడొద్దేటి?" అంది. ఇద్దరం చిత్తుకాగితాల గోనెలన్నీ బోర్లించి రెండ్రోజులు వెతికాం. దొరికిన ముక్కలు గుప్పెడు. కవర్లో పెట్టి పట్టుకెళ్లి, "తప్పయిపోనాది బాబూ" అన్నాను. ఆయన కవరు జేబులో పెట్టుకున్నారు. "కోసింది నువ్వు. నీటుగా అన్నది నేను" అన్నారు.

ఆరు నెలలు కబురు లేదు. ఆ ఇంటి పని ఇక మాకు రాదనుకున్నాను. అప్పుడొచ్చారు. జాలరిపేటలో చదువుకునే గది కడుతున్నాననీ, మేడ మీది పుస్తకాలన్నీ అక్కడికి పోతాయనీ, బైండింగు నేనే చెయ్యాలనీ చెప్పారు. నేను నమ్మలేక చూస్తుంటే, "ఎవరి చెయ్యీ తగలకుండా దాచాను. దాచిందే పోయింది కదయ్యా. పదిమంది చదివి చిరిగితే చిరగనీ" అన్నారు.

ఆ గది గుమ్మం దగ్గర బల్ల మీద పళ్లెం నిండా కళ్లద్దాలుండేవి. నలభై దాటినవాళ్లు ఎవరైనా పెట్టి చూసుకుని, సరిపోయినవి తీసుకెళ్లొచ్చు. "చదువు మీద ఇష్టం లేదంటారు గానీ, సగం మందికి కనబడదు, అంతే" అనేవారు. కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక చేపలమ్మే ఆవిడ సరదాగా ఒక జత పెట్టుకుని చూసింది. "అమ్మో! ఇన్నాళ్లూ సేపముల్లు తడుంకుని తీసేదాన్ని బాబూ! ఇప్పుడు కనిపిత్తంది" అంది. పెద్దాయన అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. మరుసటి ఏడు ఆవిడే ఓ మూల కూర్చుని పిల్లల కథలు కూడబలుక్కుంటోంది. ఎంతమంది పిల్లల్ని చదివించారో ఆయనెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాచేత వందల పుస్తకాలు కుట్టించారు. భార్య పుస్తకాలు మాత్రం మళ్లీ ఇవ్వలేదు. ఇంకా ఆరు ఉండేవి. వెన్నులు ఊడి, తాడుతో కట్టి, ఆయన మంచం పక్కన కనిపించేవి. వాటిని చూసినప్పుడల్లా, ఆయన నన్ను క్షమించలేదనే అనిపించేది.

పోయిన నెల కర్ర పట్టుకుని, ఆయాసపడుతూ మా షాపు మెట్లెక్కారు. ఆ ఆరూ బల్ల మీద పెట్టారు. "నాను సెయ్యలేను బాబూ. సెయ్యి వణుకుతాది" అన్నాను.

"వణకనీ. వీటిని కొయ్యకూడదని ఈ ఊళ్లో నీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?" అన్నారు.

ఆయన వెళ్లాక షాపులో కూర్చుని ఏడ్చాను. ఆ నెలంతా మా ఆవిడా నేనూ కత్తి జోలికి పోలేదు. అంచులు ఎగుడుదిగుడుగా ఎలా ఉన్నాయో అలాగే ఉంచి కుట్టాం. మార్జిన్లలో ఏముందో చదవలేదు. అవి మాకోసం రాసినవి కావు. శుక్రవారం తీసుకెళ్లి ఇద్దామనుకున్నాం. ఆయన గురువారమే పోయారు.

నిన్న వెళ్లి ఆయన కూతురి చేతిలో పెట్టాను. ఆమె ఒకటి తెరిచి, మార్జిన్లో రాత మీద వేలు పెట్టి చదువుకుంది. "నాన్నగారు ఓడరేవు నుంచి వచ్చి వాలుకుర్చీలో వాలితే, అమ్మ చదివి వినిపించేదండీ. రోజూ" అని చెప్పి, పుస్తకం నావైపు తిప్పింది.

కాగితం అంచు దాకా వచ్చిన పెన్సిలు రాత. ఒక్క అక్షరం కూడా తెగలేదు.

"ఇక్కడ నిద్రపోయారు. రేపు ఇక్కడి నుంచి."