చెవిలో నీటి చుక్క

2021. సెకండ్ వేవ్ సర్దుకుంటున్న రోజులు. మా వైపు వాళ్లు పనికి వలస వచ్చే ఉధ్నాలో, మగ్గాల కార్ఖానాల వెనక సందులో నాది చికెన్ షాపు. అప్పటికి ఇరవై ఏళ్లుగా కోళ్లు కోస్తున్నాను. ఎన్ని కోశానో లెక్క పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఈ పని చేయలేకపోయేవాణ్ణేమో.

ఒక ఆదివారం పొద్దున పక్క సందులో ఉండే లక్ష్మి చంకలో పుంజుతో వచ్చింది. మగ్గం నడిపే ఆమె భర్త నెల రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి వచ్చాడు. అతనికి నయమైతే పోచమ్మకు పుంజునిస్తానని మొక్కుకుందట. ఇంట్లోనే దీపం పెట్టి, కోయించడానికి నా దగ్గరికి తెచ్చింది.

"ఆ నెలంత మా గడప ఎవలు తొక్కలే అన్నా. గదిల నేను, గిది. దీనికి పెట్టినంకనే నేను తిన్న," అంది.

షాపులో కోళ్లను తలకిందులుగా దించి కోసే రేకు గరాటు ఉంటుంది, కోన్ అంటాం. పుంజును అందులోకి దించబోతుంటే నా చేయి పట్టి ఆపింది.

"జర ఆగు అన్నా. దాన్ని అడగాలె గదా!"

అది మా వైపు ఆచారం. మొక్కు కోడి మీద నీళ్లు చల్లితే అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే ఒప్పుకున్నట్టు. అప్పటిదాకా కత్తి ఎత్తకూడదు.

చల్లింది. పుంజు కదల్లేదు. మళ్లీ చల్లింది. అది ఆమె మొహంలోకే చూస్తోంది. "ఒప్పుకో బిడ్డా, ఆయన బతికిండు గదా," అని బతిమాలుతూ ఏడ్చేసింది. బయట వరుసలో వాళ్లు "జల్దీ కరో భాయ్!" అని తొందరపెడుతూ అరుస్తున్నారు. కరోనా ఆంక్షల వల్ల పొద్దున్నే షాపు మూసేయాలి, ఆ వేళ దగ్గరపడింది.

నాకో కిటుకు తెలుసు. చెవిలో చుక్క పడితే ఏ కోడైనా విదిలిస్తుంది. గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు పుంజు నా చేతికి మెడ అప్పగించింది. నిమిరినట్టే నిమిరి, వేలి చివరి చుక్కను చెవిలోకి జార్చాను. ఒళ్లంతా విదిలించింది. లక్ష్మి దండం పెట్టింది. నేను కోసేశాను. ఆమెకు మంచే చేశాననుకున్నాను.

వారం తర్వాత ఖాళీ చేతులతో వచ్చింది.

"మీ ఆయన ఎట్లున్నడు చెల్లె?"

"మంచిగనే ఉన్నడు. ఆ కోడి షోర్వ తాగిండు." తల దించుకుంది. "నువ్వు చెవుల నీళ్లేసింది చూసిన అన్నా. చూసి గూడ దండం పెట్టిన."

నాకు సిగ్గేసింది. తప్పు నాదేనని చెప్పాను.

"ఇద్దరిది," అని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరైనా మొక్కు కోడిని తెస్తే, నీళ్లు వాళ్లనే చల్లమని నేను దూరంగా నిలబడతాను. ఎంతసేపైనా సరే. రెండు కోళ్లు విదిలించకుండానే ఇంటికి తిరిగి వెళ్లాయి. ఇనప తీగల జాలీ వెనక అమ్మకానికి ఉన్న మిగతా కోళ్లను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నేనూ అడగను. అడిగితే ఏమంటాయో ఆ పుంజు చెప్పేసింది.