అవ్వ పోసిన కొబ్బరినీళ్లు

మా కారు ఏడుస్తున్నదని అవ్వ వాడకట్టంతా చెప్పింది. నాకు ఒళ్లు మండింది. అది ఏడుపు కాదు, ఆల్టర్నేటర్‌లో బేరింగులు అరిగిన చప్పుడు. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది ఆ ఆల్టర్నేటరే. దాని ఇరుసుకు ముందూ వెనుకా రెండు బేరింగులుంటాయి. అవి పోతే ముందు కీచుమంటుంది, వేగం పెంచేకొద్దీ ఊళ పెడుతుంది. మొయినాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో నీళ్ల మోటార్లు బాగుచేయడమే నా పని. ఆ చప్పుడు నిద్రలో విన్నా పోల్చుకుంటాను.

అవ్వకు మాత్రం అది అపశకునం. కొన్నేళ్ల కింద ఆమె పెద్దకొడుకు, మా అన్న, బైకు మీద పనికి పోతూ నేను రోజూ పోయే రోడ్డు మీదే లారీ కింద పడి చనిపోయాడు. ఆ నెల అమావాస్యకు అవ్వ ప్రొద్దుటూరులో చుట్టాల పెళ్లికి పోయింది. ఎప్పుడూ కొట్టే కొబ్బరికాయ అన్న బండికి ఆ ఒక్కసారే కొట్టలేదు. అందుకే పోయాడని ఆమె మనసులో పడిపోయింది. ఇక అది వదలలేదు. నేను బండి తీసిన ప్రతిరోజూ గడప దగ్గర కూర్చుంటుంది. తిరిగి వచ్చేదాకా ముద్ద ముట్టదు.

మా దగ్గర అమావాస్యకు బండి ముందు కాయ కొట్టి ఆ నీళ్లు టైర్ల మీద చల్లుతారు. అన్న పోయిన తరువాత అవ్వకు అది చాలలేదు. నాతో బానెట్ తెరిపించి పసుపునీళ్లు, కొబ్బరినీళ్లు ఇంజన్ మీదనే పోసేది.

"టైర్లల్ల ఏమున్నదిరా? పానమంత గీడనే ఉన్నది. దీని కడుపు సల్లగుంటె నువ్వు సల్లగ ఇంటికొస్తవు" అనేది.

గిన్నెడు నీళ్లకు ఏమవుతుందిలే అని నేనూ ఊరుకున్నాను.

ఊళ ఎక్కువయ్యాక అవ్వ కారుకు అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నది. "గిట్ల మొత్తుకుంటుంటె రోడ్డెక్కనియ్య. చేవెళ్ల దాకా గూడ వద్దు" అన్నది. మెకానిక్ దగ్గరికి పోయే దారి కూడా లేదన్నమాట. బస్సులో చేవెళ్లకు పోయి కొత్త బేరింగులు తెచ్చాను. ఆదివారం పొద్దున ఇంటిముందరే పని మొదలుపెట్టాను.

బ్యాటరీ వైరు తీసి, బెల్టు వదులు చేసి, ఆల్టర్నేటర్‌ను దించి గోనెసంచి మీద పెట్టాను. మళ్లీ సరిగ్గా అతకడానికి దాని పైతొడుగు రెండు డొప్పలు కలిసే చోట గీత గీసుకుని బోల్టులు విప్పాను. విడదీసేసరికి లోపల పసుపు. తుప్పుతో కలిసి జిగటగా గోడలకు పట్టుకుని ఉన్నది. ముందరి బేరింగును తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరలాడింది.

గబుక్కున దాని మీద గుడ్డ కప్పాను. ఆమె పూజే దీన్ని పాడుచేసిందని తెలిస్తే ఆమెకు పట్టుకోవడానికి ఇంకేం మిగులుతుంది?

"గుడ్డ తియ్యిరా" అన్నది అవ్వ. మంచం దిగి వచ్చి నా పక్కన కూర్చున్నది. "గది నేను పోసిన పసుపేనా?"

అబద్ధం చెప్దామనుకున్నాను. నోరు రాలేదు. "ఔనవ్వ. నీళ్లు బడి తుప్పు వట్టింది. గందుకే మొత్తుకున్నది."

నేను తల వంచుకుని పుల్లర్ బిగించి వెనుక బేరింగు లాగాను.

"అంటె, పోస్తె బండి ఖరాబైతదా?"

"ఐతదవ్వ."

"పొయ్యకుంటె?"

"ఏం గాదు."

"మరి పెద్దోని బండికి నేను గా అమాసకు కాయ గొట్టలె గదరా. దానికేం గాలేదా?"

పుల్లర్ కింద పెట్టాను. "ఏం గాలేదవ్వ. వాని బండి మంచిగనే ఉండె. లారీ వచ్చి గుద్దింది. నీ తప్పేం లేదు."

ఈ మాట ఇంట్లో అందరం ఎన్నిసార్లు చెప్పామో. అప్పుడు చెవికెక్కలేదు. ఇప్పుడు ఆ పసుపు తుప్పును వేలితో ముట్టి చూసి నమ్మింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్నను ఇంటికి తెచ్చిన నాడు కూడా ఆమె అట్లా ఏడవలేదు. నాకూ దుఃఖం ఆగలేదు. గ్రీజు చేతులతో కళ్లు తుడుచుకోలేక అట్లాగే కూర్చున్నాను.

కొత్తవి ఎక్కించి, అంతా బిగించి తాళం తిప్పేసరికి పొద్దు వాలింది. ఊళ లేదు. అవ్వ తనే మంచం పక్కకు జరిపింది.

తరువాతి అమావాస్యకు ఆమె కాయ మానలేదు. బానెట్ మాత్రం తెరవమనలేదు. కారు ముందర రాయి మీద కొట్టి, నీళ్లు గిన్నెలోకి వంపి నా చేతికిచ్చింది.

"నువ్వు తాగు. కడుపు సల్లగుంటది" అన్నది.

తాగి బండెక్కాను. మలుపు దగ్గర అలవాటుగా వెనక్కి చూశాను. గడప దగ్గర అవ్వ లేదు. తెరిచిన తలుపులోంచి లోపల కనిపించింది, కంచం ముందు కూర్చుని అన్నం కలుపుకుంటున్నది.