కదలని చూపు మీద కంప్లయింటు

ఆ రోజుల్లో తప్పు ఎప్పుడూ ఎదుటివాళ్లదేనని నాకు గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్లు, మొదటి ఉద్యోగం, భుజాన ల్యాప్‌టాప్ సంచి. తెలుగు చదివేటప్పుడు మనుషుల కళ్లు ఎలా కదులుతాయో కనుక్కునే పరిశోధనలో మా మేడంకు నేను సహాయకురాలిని. అందుకు వాడే అసలు యంత్రం మాకు అందే బేరం కాదు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తయారుచేసి, ఎవరైనా వాడుకోండి, లోపల ఎలా పనిచేస్తుందో చూసి బాగుచేయండి అని ఊరికే వదిలిన సాఫ్ట్‌వేర్ ఒకటి మేడం నాకు ఎక్కించి ఇచ్చింది. ల్యాప్‌టాప్ కెమెరా మన కళ్లను గమనిస్తుంది, తెర మీద మన చూపు పడిన చోటల్లా ఎర్రచుక్క పెడుతుంది. (తల కదిలితే చుక్క పక్క పేరాలోకి పోతుంది. అందుకని జమ్మలమడుగులో మా ఇంటి బిందె ఒకటి బోర్లించి, దాని మీద గడ్డం ఆనించమనేదాన్ని. మా మేనమామ పావుగంట అలాగే కూర్చుని, ఇంతకీ గడ్డం ఎప్పుడు గీస్తావని అడిగాడు.)

చక్కగా చదివే పెద్దమనిషి ఒకరు కావాలని మేడం అడిగితే నాకు మైకు సారు గుర్తొచ్చారు. బడిలో మాకు తెలుగు చెప్పినాయన. ఆయన పాఠం చదివితే మూడు గదుల అవతల లెక్కల సారు తన క్లాసు ఆపుకోవాల్సి వచ్చేది, అందుకే ఆ పేరు. అప్పటికి పులివెందులలో పనిచేస్తున్నారు, రిటైర్మెంటుకు ఏడాది ఉంది. బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. ముందు తెర మీద గోళీలంత చుక్కలు ఒక్కొక్కటే వస్తాయి, వాటిని చూడాలి. చూశారు. తర్వాత ఆరో తరగతి పాఠం పెట్టాను. సారు గొంతు సవరించుకుని, ఒక్క తడబాటు లేకుండా, పొల్లు పోకుండా చదివేశారు. ఎర్రచుక్క మాత్రం తెర నడిమధ్యన కూర్చుని కదల్లేదు. మూడుసార్లు చదివించాను. మూడుసార్లూ అంతే. సాఫ్ట్‌వేర్ చెడిపోయింది సార్ అన్నాను. సారు తొందరగా ఒప్పుకున్నారు, ఊరికే ఇచ్చినవి అట్లనే ఉంటాయని కూడా అన్నారు.

ఇంటికొచ్చి, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు లోపాలు రాయమని పెట్టిన పేజీలో, ప్రపంచమంతా చూసేలా, నాకొచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి ఒక కంప్లయింటు రాశాను. మీకు తెలుగు లిపి అంటే లెక్కలేదు, మా గుండ్రటి అక్షరాలు మీ సాఫ్ట్‌వేర్‌కు ఆనవు, కాస్త సిగ్గుపడండి అని. (సిగ్గు అన్న మాటకు డిక్షనరీ చూశాను.) సారు ముఖం లేకుండా, చూపు ఎక్కడ పడిందో చెప్పే అంకెలు మాత్రం జతచేశాను. రెండు రోజులకు ఏదో దేశం నుంచి ఒకాయన జవాబిచ్చాడు. ఉద్యోగం అయ్యాక ఇంటి దగ్గర ఈ పని చూస్తాడట. నా అంకెలన్నీ వరుసగా పరీక్షించాడట. పెద్ద చుక్కల మీద ఈ మనిషి చూపు సరిగ్గానే పడింది, అక్షరాల మీదే పడలేదు, ఎన్నడూ చూడని పేజీ ఒకటి చదివించి చూడండి, మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి అని రాశాడు. ఆ క్షమించండి దగ్గర, తప్పు నిజంగా వాళ్లదేనా అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

అక్కడికి దగ్గర్లో నది ఒడ్డునున్న గండి క్షేత్రం గురించి ఒక పేరా సొంతంగా రాసి, టైపు చేసి, మళ్లీ పులివెందుల వెళ్లాను. సారు బిందె మీద గడ్డం ఆనించారు. తెర వెలిగింది. మూడు గదుల అవతలికి వినిపించే ఆ గొంతు లేవలేదు. బిందె మీంచి తల ఎత్తారు.

"నీ మిషన్ మంచిదే పాపా. నాకే కనపడ్డంల్యా. రెండేండ్లాయ."

"మరి క్లాసులో ఎట్లా సార్?"

"పాఠాలన్నీ నోటికొచ్చు గదా. పిల్లోళ్ల పేపర్లు మీ అమ్మతో చదివించుకుంటాండా."

మీ అమ్మ అంటే ఆయన భార్య. ఆమెకు మాత్రం అద్దాలు మసక అని చెప్పారట. ఆపరేషన్ అంటే ఆయనకు భయం. వాళ్లన్నకు చేయించాక ఒక కన్ను పూర్తిగా పోయింది. ఇదంతా నాతో మెల్లగా చెబుతున్నాననే అనుకున్నారు గానీ, ఆ గొంతుకు మెల్లగా అన్నది ఎప్పుడు చేతనైంది గనక. వంటింట్లోంచి ఆమె బయటికొచ్చింది.

"రేపు పొద్దున ప్రొద్దుటూరు పోతాండాం," అంది. "నువ్వు గూడా రావల్ల పాపా. ఈయన దోవలో బస్సు దిగిపోయే మనిషి."

ఆస్పత్రిలో డాక్టరమ్మ శుక్లాలంది, బాగా ముదిరాయి గానీ భయం లేదంది. ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లేటప్పుడు సారు నా చెయ్యి పట్టుకున్నారు. బడిలో ఆయన చేతిని చూసి మేం వణికేవాళ్లం. అక్కడ నాకు నవ్వు రాలేదు, బెంచీ మీద కూర్చుని, రెండోసారి వెళ్లకపోయుంటే ఏమయ్యేదా అని ఆలోచించాను. సాయంత్రం ఆ పేజీలోనే, తప్పు మీది కాదు నాది అని రాశాను. దానికి డిక్షనరీ అక్కర్లేకపోయింది.

రెండో కంటికీ అయ్యాక, కొత్త అద్దాలతో సారు నా పేరా చదవడానికి కూర్చున్నారు. ఈలోగా ఆ పేరానే నేను ప్రొద్దుటూరులో నలభైమంది పిల్లలతో చదివించేశాను. అందరి చూపూ నది పేరు దగ్గర ఆగుతోందని, జంటాక్షరం కష్టం వల్లేనని మేడంకు రెండు పేజీలు రాసి పంపేశాను కూడా. ఎర్రచుక్క ఇప్పుడు వరుసల వెంట పరుగెత్తుతోంది. నది పేరు దగ్గర ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చి ఆగింది. చూశారా సార్, మీకూ అక్కడే కష్టం అన్నాను ఉబ్బిపోతూ.

"కష్టమేంది పాపా. పాపఘ్ని అంటే పాపాలు పోగొట్టేది. నువ్వు పాపాగ్ని అని కొట్టినావు. స్నానానికి వచ్చినోళ్లను మంటల్లోకి దింపితివే."

నలభైమంది పిల్లలు ఆగింది జంటాక్షరం దగ్గరో నా తప్పు దగ్గరో ఇక ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. సారు అద్దాలు సర్దుకుని, రాసుకో అంటూ మొదటి వరుస నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఇంకా మూడు తప్పులు తేలాయి. తల వంచుకుని దిద్దుకుంటున్న ఆ ఇరవై మూడేళ్ల అమ్మాయిని తలచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. పక్కన కూర్చుని, పర్వాలేదులే, సారు మళ్లీ చదువుతున్నారు కదా, విను అని చెప్పాలనిపిస్తుంది.